మాతాంగ్ మడ అడవి, బాగాన్ డాతో కట్ట

మలేసియా ఆంధ్రుల చరిత్ర వ్రాయబూనినవారు సాధారణంగా ఓడతో మొదలుపెడతారు. తర్వాత కంగాణి వస్తాడు, తోట వస్తుంది, ఆపైన గుడి, బడి, సంఘం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చిన మనవారు ఈ దేశంలో నిలబడిన తీరు చెప్పడానికి ఈ వరుస సరిపోతుంది. కాని వారు నిలబడిన నేల సంగతి ఇందులో లేదు. దిగువ పెరాక్‌లో, ముఖ్యంగా బాగాన్ డాతో చుట్టుప్రక్కల, మన తాతలు కొబ్బరి దింపిన భూమిలో చాలా భాగం ఒకనాడు సముద్రపు పోటు తాకిన బురదనేల. దానిపై ఉండినది అడవి. ఆ అడవి ఏమైనదో, అదే రాష్ట్రంలో మరొకచోట అటువంటి అడవి నూరేండ్లు దాటి ఎట్లా నిలిచినదో తెలుసుకుంటే మన చరిత్రలో ఒక ఖాళీ పూడుతుంది.

మడ అడవి అంటే గోదావరి జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. నదులు సముద్రంలో కలిసే చోట, పోటు వచ్చినప్పుడు మునిగి, ఆటుకు తేలే బురదలో పెరిగే చెట్లివి. అక్కడ మడ, పొన్న అని పిలిచే జాతులకు ఇక్కడ మలయీ పేర్లున్నవి. సముద్రం వైపు ముందు వరుసలో నిలిచేది అపి-అపి, అనగా మన మడచెట్టు. దాని వెనుక, కాళ్ళు చాచి నిలబడినట్లు వేళ్ళు దిగేది బకావు, అనగా మన పొన్న. ఏటి ఒడ్డున బెరెంబాంగ్. రాత్రిపూట మిణుగురులు గుంపులుగా వాలేది ఆ చివరి చెట్టు మీదనే.

పెరాక్ తీరంలో ఈ అడవికి రెండు గతులు పట్టినవి. ఉత్తరాన కువాలా గులా నుండి బాగాన్ పాంచోర్ వరకు అర్ధచంద్రాకారంలో సాగిన మాతాంగ్ అడవి నలభై వేల హెక్టార్లకు పైబడి నేటికీ ఉన్నది. అక్కడికి దక్షిణంగా సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో బాగాన్ డాతో వైపు అడవి తోటగా మారినది. మిగిలినచోట కట్టకు ఆవల సన్నని పట్టీగా ఉన్నది.

మాతాంగ్ కథ తగరంతో మొదలవుతుంది. లారుత్ గనుల తగరాన్ని సముద్రానికి చేర్చడానికి తైపింగ్ నుండి పోర్ట్ వెల్డ్ వరకు, దాదాపు ఎనిమిది మైళ్ళు, 1885 జూన్ 1న రైలు తెరిచారు. మలయాలో అదే మొదటి రైలు. గవర్నరు ఫ్రెడరిక్ వెల్డ్ పేరు పెట్టుకొన్న ఆ రేవు మడ అడవి నడుమనే ఉన్నది, దానినే నేడు కువాలా సెపెతాంగ్ అంటారు. రైలు పోయినది, పట్టాలు పోయినవి. ఇంగ్లీషు, జావీ, చీనా, తమిళ లిపులలో స్టేషను పేరు వ్రాసిన పలక మాత్రం మిగిలినది.

గనుల ఆవిరి యంత్రాలకు, రైలింజన్లకు, ఇంటి పొయ్యిలకు కట్టె కావాలి. బకావు కట్టె బరువైనది, వేడి ఎక్కువ ఇస్తుంది. అడ్డూ ఆపూ లేకుండా నరికితే అడవి మిగలదని అధికారులకు తెలిసినది. సమాఖ్య మలయ్ రాష్ట్రాలకు అటవీశాఖను ఏర్పరచి 1901లో బర్న్-మర్డాక్ అనే అధికారిని పెద్దగా నియమించారు. మరుసటి ఏటినుండే మాతాంగ్ అడవి శాఖ ఆజమాయిషీలోకి వచ్చినది, 1906 నాటికి రిజర్వు ఫారెస్టుగా ప్రకటింపబడినది. దొరలకు చెట్టుమీద ప్రేమ పుట్టి చేసిన పని కాదిది. కట్టె అయిపోతుందన్న భయం చేయించినది. మంచి పనులు చాలావరకు అట్లాగే మొదలవుతాయి.

1930 ప్రాంతంలో సయాం పద్ధతి బొగ్గుబట్టీలు వచ్చినవి. ఇటుకతో, మట్టితో, గుండ్రంగా, పెద్ద చీమలపుట్ట ఆకారంలో కట్టిన గదులివి. బెరడు తీసిన దుంగలను, ఒక్కొక్కటి సుమారు ఐదడుగుల పొడవున, లోపల నిలువుగా పేరుస్తారు. పోటు వచ్చినప్పుడే పడవలు కాలువలలో బట్టీ దాకా రాగలవు గనుక పనివారి గడియారం సముద్రమే. ద్వారం మూసి, నోటి దగ్గర చిన్న మంట పెడతారు. దుంగలు నేరుగా కాలకూడదు, వేడికి వాటిలోని నీరు పోవాలి. ఎప్పుడు మంట ఆపాలో పొగ రంగును, వాసనను బట్టి చెప్పే మేస్త్రీలు ఉన్నారు. తర్వాత సందులన్నీ మూసి చల్లారనిస్తారు. మొత్తం మీద నెలకు తక్కువ కాదు. ఈ పనిలో ఉన్నవారు ఎక్కువగా చీనీయులు. తయారైన బొగ్గులో కొంత జపాను దేశానికి వెళుతుంది.

బొగ్గు వృత్తాంతం ఇంతగా చెప్పడానికి కారణమున్నది. నూరేండ్లు నరికిన అడవి నూరేండ్లు నిలవడమే ఇందులోని విశేషం. దీనిని నిలిపినది ఒక లెక్క. నోక్స్ అనే అధికారి వ్రాసిన ప్రణాళిక 1950లో అమలుకు వచ్చినది. ముప్పది ఏండ్లకు ఒకసారి మాత్రమే ఒక తుండు నరకాలి, ఆ తర్వాత దానిని ముప్పది ఏండ్లు పెరగనివ్వాలి అన్నది దాని మూలసూత్రం. అప్పటినుండి ప్రతి పదేండ్లకు ఒక కొత్త ప్రణాళిక వ్రాస్తూ వచ్చారు. మలయా 1957లో స్వతంత్రమైనది, దొరలు వెళ్ళిపోయారు, అధికారుల పేర్లు మారినవి, ప్రణాళిక మాత్రం ఆగలేదు. నేడు నడుస్తున్నది 2020 నుండి 2029 వరకు వ్రాసినది.

ఆ ముప్పది ఏండ్లలో జరిగే పని చూడండి. తుండు నరికిన తర్వాత ఏడాదికో రెండేండ్లకో శాఖవారు వచ్చి చూస్తారు. బకావు విత్తనం తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, పొడుగాటి ఆకుపచ్చని ములుకులా వ్రేలాడి, క్రిందపడి బురదలో నాటుకొంటుంది. తగినంత మొలక తనంతట వచ్చినచోట ముట్టుకోరు. రానిచోట సన్నజాతి బకావును సుమారు నాలుగడుగుల ఎడంతో, పెద్దజాతిని ఆరడుగుల ఎడంతో చేత్తో నాటుతారు. పియాయ్ అనే ఫెర్ను పొద దట్టంగా కమ్మితే మొలక పైకి రాదు, దానిని ముందు తీయాలి. పీతలు లేతకాండం కొరుకుతాయి, కోతులు పీకివేస్తాయి. అవి ఎక్కువగా ఉన్నచోట కుండీలలో పెంచిన మొక్క తెచ్చి పెడతారు. పదిహేనవ ఏట ఒక పనివాడు నాలుగడుగుల కర్రతో వస్తాడు. మంచి చెట్టును ఎంచి, దాని చుట్టూ కర్రను త్రిప్పి, ఆ వలయంలో పడినవాటిని తీసివేస్తాడు. ఇరవయ్యవ ఏట కర్ర పొడవు ఆరడుగులు. ఇట్లా తీసిన వాసాలు పునాదులలో దిగగొట్టడానికి పోతాయి. ఏటి గట్టున ఒక వరుసను నరకకుండా వదలాలి, గట్టు కోసుకొనిపోకుండా. మొత్తం అడవిలో నాలుగింట మూడు వంతులు మాత్రమే ఈ చక్రంలో ఉన్నది, తక్కినది రక్షణకు విడిచినది.

నాటిన రోజున ఫోటో దిగేవారు చాలామంది ఉంటారు. పదిహేనవ ఏట కర్ర పట్టుకొని వచ్చేవాడు జీతం ఇచ్చే కార్యాలయం ఉంటేనే వస్తాడు. ఆ కార్యాలయం ఎవరిదన్నది ముఖ్యం. మలేసియా రాజ్యాంగం తొమ్మిదవ షెడ్యూలు ప్రకారం భూమి, అడవి రాష్ట్రాల అధికారంలోనివి. 1984 నాటి జాతీయ అటవీ చట్టం కేంద్రం చేసినదైనా, అమలు చేసేది రాష్ట్రమే. కనుక మాతాంగ్ యజమాని పెరాక్ ప్రభుత్వం. పన్నులు, రుసుములు ఇక్కడికే వస్తాయి, చెడ్డ పేరు కూడ ఇక్కడికే వస్తుంది. రాష్ట్రం చేతిలో అధికారం ఉన్నంతమాత్రాన అడవి నిలుస్తుందని చెప్పను. అదే అధికారంతో మడ అడవులను రిజర్వు నుండి తీసివేసి కట్టడాలకు, రొయ్యల చెరువులకు ఇచ్చిన ఉదాహరణలు ఈ దేశంలో కొల్లలు. మాతాంగ్‌లో నడుస్తున్న ఆదాయం, తెలిసిన పని, తెగని లెక్క ఉండడం వలన దానిని తీసివేయడం కష్టమైనది.

మాతాంగ్‌ను అతిగా పొగడడం కూడ న్యాయం కాదు. పినాంగు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఓంగ్ జిన్ ఇయోంగ్, గోంగ్ ఊయి ఖూన్ దంపతులు ఈ అడవిని ఏండ్ల తరబడి పరిశీలించారు. పర్యాయం మీద పర్యాయం నరికితే దిగుబడి తగ్గదా అన్న ప్రశ్న వారి వంటివారు లేవనెత్తినదే. ఎంచి పెంచినందున బకావు తప్ప తక్కిన జాతులు వెనుకబడినవి. పక్షుల విషయంలోనూ సంతోషించేది తక్కువ: కువాలా గులా ప్రక్క ఒకప్పుడు గుంపులుగా కనిపించిన పాలకొంగలు బాగా తగ్గిపోయినవి. అయినా ఆ బురదలో రక్తపు గుల్లలు, మలయీలో కెరాంగ్, పెంచుకొని బ్రతికే పల్లెలున్నవి. చేపలకు, రొయ్యలకు పిల్లతనం గడిచేది ఆ వేళ్ళ మధ్యనే.

ఇదే నరుకుడు పద్ధతి మన తూర్పు కోస్తాలో ఏమైనదో చూస్తే నేలకు నేలకు గల తేడా తెలుస్తుంది. గోదావరి ముఖాన కోరంగి మడ అడవి ఉన్నది. ఒకప్పటి రేవుపట్నం కోరంగి 1839 తుపానులో నాశనమైనది. బర్మాలో మనవారిని కొరంగీలని పిలిచినది ఆ రేవు పేరనే. అటువంటి తీరాలలో తుండుతుండుగా నరికి వదిలినచోట చాలాభాగం తిరిగి మొలవలేదు. ఎండకు తేమ ఆరి నేల కుంగినది, పళ్ళెం వలె అయినది. లోపలికి వచ్చిన ఉప్పునీరు వెనుదిరగక ఎండి, ఉప్పు పేరుకొన్నది. మాతాంగ్ ప్రక్కనే ఉన్న తైపింగ్ ఈ ద్వీపకల్పంలో మిక్కిలి వాన పడే పట్టణాలలో ఒకటి, అక్కడ ఉప్పును కడగడానికి ఏడాది పొడుగునా ఆకాశమున్నది. గోదావరి తీరానికి ఆ భాగ్యం కొన్ని నెలలే. కనుక అక్కడ మందు వేరు. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ, పల్లెల వన సంరక్షణ సమితులు కలిసి, చేపముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వి పోటునీటిని లోపలికి బయటికి ఆడనిచ్చి, ఆ తర్వాతనే మొక్క నాటారు. కాలువ పూడితే మళ్ళీ తీయాలి. అక్కడ కూడ అసలు పని నాటడం తర్వాతనే ఉన్నది.

ఇప్పుడు బాగాన్ డాతోకు వద్దాము. అక్కడ కొబ్బరి పెట్టాలంటే ముందు సముద్రాన్ని ఆపాలి. మట్టికట్ట పోసి, దానిలో ఆటుకు తెరుచుకొని పోటుకు మూసుకొనే తలుపులు పెట్టి, లోపల పారిట్, అనగా మురుగుకాలువ, వరుసలు వరుసలుగా త్రవ్వారు. తోట కూలి అంటే కొబ్బరి దింపడం, కోయడం అని మనము అనుకొంటాము. కట్ట మట్టి మోయడం, పారిట్ పూడిక తీయడం కూడ దానిలో భాగమే. ఆ పనికి కథలో చోటు దొరకలేదు. నీరు తీసిన మడనేల రెండు విధాల పగ తీర్చుకొంటుంది. దాని అడుగున ఉన్న గంధకం గాలి తగిలి పులిసి నేలను చెడగొడుతుంది, కాబట్టి పారిట్ నీటిమట్టాన్ని మరీ దించకూడదు. రెండవది, నేల క్రమంగా కుంగుతుంది. కట్ట లోపలి భూమి పోటు నీటికన్న పల్లమవుతుంది. కొబ్బరి తీసి చాలాచోట్ల పామాయిల్ చెట్టు పెట్టారు, తోటల నుండి మనవారు పట్నాలకు పోయారు, కట్ట మాత్రం అక్కడే ఉండవలసి వచ్చినది. 1932లో ఏర్పడిన నీటిపారుదల, మురుగునీటి శాఖకు కట్టల బాగోగులు పెద్ద పనిగా మిగిలినవి.

కట్ట ముందు మడ పట్టీ ఉంటే అల దానికి తగిలి బలం పోగొట్టుకొని వస్తుంది. పట్టీ పోతే అల నేరుగా కట్టను కొడుతుంది. 2004 డిసెంబరు 26 సునామీలో మలేసియాలో 68 మంది మరణించిన తర్వాత ప్రభుత్వం 2005 నుండి తీరమంతా మడ మొక్కలు నాటించడం మొదలుపెట్టినది. కోతపడిన తీరంలో మొక్క నాటడం సులభం, నిలబెట్టడం కష్టమని త్వరలోనే తేలినది. బెర్నాం ఏటికి ఆవలి ఒడ్డున, సెలాంగూర్‌లోని సుంగై హాజీ దొరానీ వద్ద అటవీ పరిశోధన సంస్థవారు మొక్కలకు ముందు ఇసుక నింపిన పెద్ద గుడ్డగొట్టాలను అడ్డుగా పరచి అల తగ్గించి చూశారు. బురద పేరితేనే వేరు పట్టుతుంది. మాతాంగ్‌లో కోతికి, పీతకు మాత్రమే భయపడవలసిన మొక్క ఇక్కడ సముద్రానికే భయపడవలెను.

బాగాన్ డాతో 2017లో వేరు జిల్లా అయినది. జిల్లా కార్యాలయం ఇప్పుడు ఊరిలోనే ఉన్నది, రాష్ట్ర అటవీశాఖ, నీటిపారుదల శాఖ దానికి అందుబాటులో ఉన్నవి. మాతాంగ్ వలె లెక్క మొదలుపెట్టడానికి ముందు కావలసినది ఒకటున్నది: అడవి ఎక్కడిదాకా ఉండేది, ఏ ఏట ఏ కట్ట వెనక్కు జరిపి కట్టారు, ఏ తలుపు దగ్గర బురద పేరుకొనేది, ఏ తలుపు దగ్గర కోసుకొనిపోయేది. పాత తోటల పటాలలో దీనిలో కొంత దొరకవచ్చు. తక్కినది పారిట్ తీసినవారికే తెలుసు. వారిలో తోటలో పుట్టి ఎనభై దాటినవారు మన కుటుంబాలలో ఇంకా కొందరున్నారు. మన సంఘ శాఖలు పండుగ ఏర్పాట్ల మధ్య రెండు ఆదివారాలు కేటాయించి వారిని కట్ట మీదికి తీసుకొనిపోయి, చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొని, పటం మీద గుర్తు పెట్టి జిల్లా కార్యాలయానికి ఇవ్వవచ్చును. ఎండాకాలం కన్న పెద్ద పోటు వచ్చే పౌర్ణమి, అమావాస్య రోజులు మేలు, నీరు ఎంతవరకు వచ్చేదో వారు అప్పుడు చూపించగలరు.