చేను మందవుతుందా?

మా నాన్న కొత్తగూడెంలో బొగ్గుబావి కార్మికుడు. వేసవి సెలవులొస్తే మేం కంపెనీ క్వార్టరుకు తాళం వేసి, భద్రాచలం దారిలో అడవి అంచునున్న అమ్మమ్మ ఊరికి పోయేవాళ్లం. ఆ ఇంటి వెనక గదిలో మా పెద్దమ్మ ఉండేది. రెండో కాన్పు తర్వాత నిద్ర మానేసిందట, తర్వాత మాట మానేసిందట. అత్తగారివాళ్లు తెచ్చి పుట్టింట్లో దింపి, పిల్లల్ని తమ దగ్గరే ఉంచుకున్నారు. పట్నంలో ఒక ఆసుపత్రిలో ఎనిమిది నెలలు పెట్టారు. తిరిగొచ్చేసరికి నున్నటి గుండు. ఎందుకు తీశారని ఇంట్లో ఎవరూ అడగలేదు. "పేలు పట్టాయంట" అనేది అమ్మమ్మ, తనే తప్పు చేసినట్టు తల దించుకుని.

ఆరేడేళ్ల తర్వాత అదే పెద్దమ్మ మిరపచేలో కాయ కోస్తూ పక్క సాలులో వాళ్లతో పరాచికాలాడటం నా కళ్లతో చూశాను. "చేలో పనే దానికి మందయింది" అన్నారందరూ. నేనూ చాలాకాలం అదే నమ్మాను. పిచ్చాసుపత్రుల చరిత్ర చదవడం మొదలుపెట్టాక ఆ మాట దగ్గర ఆగిపోయాను. చేలో పనికి అంత గుణమే ఉంటే, మా పల్లెల్లో తెల్లారేసరికి చేలో ఉండే ఆడవాళ్లంతా ఎందుకలా ఉన్నారు? 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు అదే చేల గట్ల మీద పురుగులమందు ఎందుకు తాగారు?

వ్యవసాయక్షేత్రంలో ఉంచి మనసు బాగుచేయడమనే ఆలోచనకు ఆధునిక చరిత్ర రాసేవాళ్లు తరచూ ఇంగ్లండులోని యార్క్ నుంచి మొదలుపెడతారు. 1796లో విలియం ట్యూక్ అనే క్వేకర్ వ్యాపారి అక్కడ 'రిట్రీట్' అనే ఇల్లు తెరిచాడు. గొలుసులు లేవు. తోట ఉంది, ఆవులున్నాయి, మాట్లాడే మనుషులున్నారు. ట్యూక్ పేరు అందరికీ తెలుసు. దానికి కారణమైన హన్నా మిల్స్ పేరు కొద్దిమందికే తెలుసు. ఆమె ఒక క్వేకర్ వితంతువు. 1790లో యార్క్ అసైలంలో చేర్చిన కొద్ది వారాలకే చనిపోయింది. చూడటానికి వెళ్లిన తోటి క్వేకర్లను లోపలికి రానివ్వలేదు. తలుపు అవతల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడం భరించలేకే వాళ్లు సొంత ఇల్లు కట్టుకున్నారు. ట్యూక్ తీసేసిన గొలుసులు మనిషి లోపలికి వెళ్లిపోయాయని, పనిపాటల మంచితనం కూడా ఒక కాపలాయేనని 1961లో ఫూకో రాశాడు. ఆయన మాటలో నిజముంది. కానీ గొలుసు కాలికుందా, మనసుకుందా అన్న తేడా కాలికున్నవాళ్లకు చిన్నది కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాక నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉండి తప్పించుకోలేక 28 మంది కాలిపోయారు.

యార్క్ తర్వాత వందేళ్లలో అమెరికా, యూరప్‌లలోని చాలా పెద్ద పిచ్చాసుపత్రుల చుట్టూ పొలాలు వెలిశాయి. బ్రిటిషు వాళ్లు మన దేశంలో కట్టిన అసైలాల్లోనూ ఖైదీల చేత కూరగాయలు పండించారు, బట్ట నేయించారు, పిండి విసిరించారు. ఆ పని విలువ ఎన్ని రూపాయలో ఏటేటా నివేదికల్లో లెక్క రాసుకున్నారు. వైద్యమెక్కడ ఆగి వెట్టి ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఇంకో సంగతి. చేలూ పశువులూ ఎక్కువగా మగ రోగుల పని. ఆడవాళ్లకు చాకిరేవు, వంటగది, కుట్టుపని. ఏ ఇంటి చాకిరీలో మనసు చెదిరిందో ఆ చాకిరీనే వాళ్లకు చికిత్సగా ఇచ్చారు. 1973లో అమెరికాలో సౌడర్ కేసులో, రోగి చేసినా పని పనే, దానికి కనీస వేతనం చెల్లించాల్సిందేనని కోర్టు చెప్పింది. చాలా ఆసుపత్రులు కూలి ఇవ్వడానికి బదులు పనే మాన్పించాయి. పొలాలు మూతపడ్డాయి. రోగులు వార్డుల్లో ఊరికే కూచున్నారు.

నా మనసు మాత్రం బెల్జియంలోని గీల్ ఊరి చుట్టూనే తిరుగుతుంది. అక్కడ వందల ఏళ్లుగా మతి చెదిరినవాళ్లను రైతు కుటుంబాలు ఇంట్లో మనిషిగా ఉంచుకుంటున్నాయి. ఒకే కంచం, ఒకే చేను. 1938 నాటికి అలా 3,700 మందికి పైగా ఉండేవాళ్లు. ఇప్పుడు బాగా తగ్గారు. ఈ ఆనవాయితీకి మూలం డింఫ్నా అనే పునీతురాలి కథ. ఐర్లండులో ఒక రాజుకు భార్య చనిపోయి మతి పోయింది. భార్య పోలికలున్న కూతుర్నే పెళ్లాడతానన్నాడు. ఆ పిల్ల సముద్రం దాటి గీల్ దాకా పారిపోతే, వెతుక్కుంటూ వచ్చి తల నరికాడు. పిచ్చి తండ్రిది, ప్రాణం కూతురిది. ఆ కూతురే పిచ్చివాళ్ల దేవత అయింది! పురాణమే అయినా దాన్ని అల్లినవాళ్లకు ఆడపిల్లల బతుకు బాగా తెలుసనిపిస్తుంది. అన్నట్టు, ఆ అతిథుల పక్కబట్టలు ఉతికి, కోపాలు తట్టుకుని, రాత్రిళ్లు మేల్కొన్నది ఎక్కువగా ఆ ఇళ్ల ఇల్లాళ్లే అయి ఉంటారు. గీల్ గురించి రాసేటప్పుడు అందరూ 'ఊరు' అంటారు. నాకు ఆ ఆడవాళ్లు గుర్తొస్తారు.

వాళ్ల గురించి చదువుతున్నప్పుడే మా ఊరి ముఠా మేస్త్రమ్మ గుర్తొచ్చింది. పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు పెద్దమ్మనే అడిగాను, ఏంచేస్తే నీకు బాగైందని. చాలాసేపు బీడీ ఆకు సర్దుకుంటూ కూచుంది.

"మేస్త్రమ్మ పొద్దుగాల్నే వాకిట్లకొచ్చి పిలిచేది. ఏమే, వస్తున్నవా లేదా అని. నేను పోకుంటే నా సాలు ఖాళీగుంటది గదా బిడ్డా" అంది.

తర్వాత అమ్మ చెప్పింది మిగతాది. మొదటి వారం కూలి లెక్కలో మా మామయ్య "పిచ్చిదానికి కూలేంటి, నా చేతికియ్యి" అన్నాడట. మేస్త్రమ్మ వినలేదు. పెద్దమ్మ కోసిన కాయ అందరితో పాటు తూకం వేయించి, డబ్బు పెద్దమ్మ కొంగులోనే ముడేసింది. ఆదివారం సంతలో పెద్దమ్మ దువ్వెన కొనుక్కుంది. కొన్ని రోజులు చేలోకి వచ్చి గట్టు మీద పడుకునేది. అప్పుడు ఎవరూ లేపేవాళ్లు కాదు, కూలీ ఇచ్చేవాళ్లు కాదు. మాత్రలు మాత్రం అమ్మమ్మ ఏనాడూ ఆపలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదివితే నాకు ఈ చేను కనపడుతుంది. ఆసుపత్రిలో బలవంతంగా పని చేయించకూడదు, చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. బలవంతంగా గుండు గీయకూడదు. సొంత బట్టలు కట్టుకోనివ్వాలి. నెలసరికి కావలసినవి అందుబాటులో ఉంచాలి. ఇంట్లోవాళ్లు తీసుకెళ్లలేదన్న ఒక్క కారణంతో మనిషిని అక్కడే ఉంచేయకూడదు. ఒక్కో వాక్యం వెనకా ఎంతమంది గుండ్లున్నాయో.

ఇంక భూమి సంగతి. తాతయ్య రెండెకరాలూ మామయ్యకే పోయాయి. వారసత్వంలో కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది గానీ, అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. పెద్దమ్మ పెళ్లి అంతకు ముందే అయింది. ఆమె కోసిన మిరపకాయంతా ఇతరుల చేలలోదే. ఇప్పుడు కోతలకు పోలేదు, మోకాళ్లు నొప్పులు. మేస్త్రమ్మ పోయి నాలుగేళ్లయింది. అయినా కోతల కాలమొస్తే తెల్లారుజామునే లేచి, తల దువ్వుకుని, వాకిట్లో కూచుంటుంది.