నాచ్ సంకేత వ్యవస్థ

పక్కపక్కనున్న కణాలు ఒకదాని భవితను మరొకటి నిర్ణయించే ప్రాచీన మార్గాల్లో నాచ్ సంకేత వ్యవస్థ ఒకటి. రోగనిరోధక వ్యవస్థకు మూలస్తంభాలైన టి కణాలు దీనివల్లే పుడతాయి. ఇదే అదుపు తప్పితే టి కణ తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు దారితీస్తుంది.

పనిచేసే తీరు

నాచ్ కణపొర మీద ఉండే గ్రాహక ప్రోటీను. పొరుగు కణం మీది డెల్టా లేదా జాగ్డ్ ప్రోటీను దీన్ని పట్టి లాగగానే రెండు కోతలు పడతాయి. మొదటిది పొర వెలుపల, రెండోది గామా సెక్రటేజ్ అనే ఎంజైము వల్ల పొరలోనే. విడివడిన లోపలి ముక్క కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిలోకి దించుతుంది. పని ముగిశాక కణం ఆ ముక్కను నాశనం చేస్తుంది. అందుకే సంకేతం అవసరమైనంత సేపే నిలుస్తుంది.

ఆవిష్కరణ

1914లో అమెరికాలో జాన్ డెక్‌స్టర్ రెక్కల అంచున గాట్లున్న డ్రోసోఫిలా ఈగలను గమనించాడు. ఆ లక్షణానికి మూలమైన నాచ్ జన్యువును 1980లలో స్పైరోస్ అర్టవానిస్-త్సకోనాస్, మైఖేల్ యంగ్ బృందాలు వేర్వేరుగా వేరుచేసి దాని నిర్మాణాన్ని బయటపెట్టాయి.

మనిషిలో ఇదే జన్యువు జబ్బు ద్వారా వెలుగులోకి వచ్చింది. కొందరు టి కణ ల్యుకేమియా రోగుల్లో 7, 9 క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయి. అక్కడ తెగిన జన్యువు ఈగలోని నాచ్‌కు మానవ రూపమని 1991లో జెఫ్రీ స్క్లార్ బృందం తేల్చింది. నిత్యం చురుగ్గా ఉండే నాచ్‌ను ఎముక మజ్జ కణాల్లో చొప్పిస్తే ఎలుకలకు టి కణ ల్యుకేమియా వస్తుందని 1996లో వారెన్ పియర్, సహచరులు చూపారు.

టి కణాల పుట్టుక

ఆరోగ్యవంతమైన శరీరంలో దీని పని ఏమిటో 1999లో తేలింది. ఫ్రెడీ రాడ్కే బృందం ఎలుకల మజ్జ కణాల్లో నాచ్ రకాల్లో ఒకటైన నాచ్1ను తొలగించగా థైమస్ గ్రంథిలో టి కణాలకు బదులు బి కణాలు పెరిగాయి. అదే ఏడాది మరో బృందం మజ్జలో నాచ్‌ను చురుకు చేస్తే అక్కడే టి కణాలు తయారయ్యాయి. మజ్జ నుంచి వచ్చిన మూలకణానికి థైమస్‌లో దారి చూపేది డెల్టా కోవకు చెందిన డెల్టా-లైక్ 4 ప్రోటీను అని 2008లో రుజువైంది. నాచ్ సంకేతాన్ని అందించే కణాలతో పరీక్షశాలలోనే టి కణాలను పెంచే పద్ధతిని 2002లో టొరంటో శాస్త్రవేత్తలు రూపొందించారు.

ల్యుకేమియాలో పాత్ర

క్రోమోజోముల మార్పిడి అరుదు. అయినా టి కణ ల్యుకేమియా రోగుల్లో సగానికి మించి నాచ్1 జన్యువులో ఉత్పరివర్తనలున్నాయని 2004లో ఆండ్రూ వెంగ్, జాన్ ఆస్టర్ బృందం ప్రకటించింది. కొన్నింటి వల్ల పొరుగు కణం తాకకుండానే గ్రాహకం తెగుతుంది. మరికొన్నింటి వల్ల తెగిన ముక్క త్వరగా నశించదు. అలా ఆగని సంకేతం మిక్ వంటి జన్యువులను రెచ్చగొట్టి, ఎదగని కణాలను విభజనలోనే ఉంచుతుంది.

చికిత్స

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో తయారైన ఆమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో సిడ్నీ ఫార్బర్ వెల్లడించాడు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ ఈ జబ్బు చికిత్సలో వాడుకలో ఉంది. నాచ్‌నే నేరుగా ఆపేందుకు గామా సెక్రటేజ్ నిరోధకాలను పరీక్షించారు. పేగు లోపలి పొర నిరంతరం కొత్తబడటానికీ నాచ్ కావాలి గనుక రోగులకు తీవ్ర విరేచనాలు పట్టుకున్నాయి. ఆరోగ్యకరమైన కణాలను వదిలి ల్యుకేమియా కణాల్లోని నాచ్‌ను మాత్రమే అణచగల మందు కోసం పరిశోధన సాగుతోంది.