గాంబిట్: కాలు అడ్డుపెట్టే ఎత్తు

చదరంగంలో ఆట తొలి ఎత్తుల్లోనే ఒక బంటును కావాలని వదిలి, అందుకు మారుగా బలగాలను వేగంగా రంగంలోకి దించే వీలు సంపాదించడాన్ని గాంబిట్ అంటారు. కాలు అనే అర్థంగల ‘గాంబా’ నుంచి పుట్టిన ఇటాలియన్ పదం ‘గాంబెట్టో’కు కాలు అడ్డుపెట్టి పడగొట్టడమని అర్థం కాగా, స్పెయిన్ మతాచార్యుడు రూయ్ లోపెజ్ 1561లో అచ్చయిన తన గ్రంథంలో దానిని చదరంగానికి వాడాడు. తెలుగులో ‘ఎర’ అనడం కన్నా ఈ మూలార్థమే ఆటకు దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే బంటును చంపినవాడు ఆ చంపడానికి వెచ్చించిన ఎత్తు వల్లనే తరచు తడబడతాడు. 1960లో అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతా టోర్నమెంటులో సోవియట్ ఆటగాడు స్పాస్కీ రెండో ఎత్తులోనే, రాజు పక్కన ఉండి ఏటవాలుగా నడిచే శకటు ముందరి బంటును రెండు గళ్లు జరిపి అందించగా, దానిని చంపిన అమెరికా ఆటగాడు ఫిషర్ 29 ఎత్తుల్లో ఓడిపోయాడు.