బాడిశ నుండి చక్రరంపము వఱకు

మాచర్లకు దక్షిణముగా, నల్లమల కొండల పాదసీమ నంటియున్న వెల్దుర్తి ప్రాంతమున పూర్వము కఱ్ఱకు కొఱత యుండెడిది కాదు, కొఱతయెల్ల నీటికే. కృష్ణ యంత చేరువను పాఱుచున్నను, నాగార్జునసాగరపు కుడికాలువ దిగువ నేలలను తడుపుకొనుచు సాగిపోయినదే కాని యీ మెట్టలపైకి ఎక్కి రాలేదు. ఆ లోటు దీర్చుటకై తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకమునకు 2023 నవంబరులో శంకుస్థాపన జరిగినదనిన, ఈ సీమ యెంతకాలము వానమబ్బును నమ్ముకొని బ్రదికినదో పాఠకులకు తెలియగలదు. వడ్రంగుల చరిత్ర చెప్పబూని నీటిమాట యేల యెత్తితినన్న, దానికి కారణము కలదు. మెట్టసేద్యము కఱ్ఱపనిముట్ల సేద్యము. తొలకరి పడిన పిదప నేల ఆఱకముందే దున్నవలెను, గొఱ్ఱుతో విత్తవలెను, గుంటక తోలవలెను; ఆ నాలుగు దినములలో గొఱ్ఱు విఱిగినచో ఆ యేటి పంట విఱిగినట్లే. కావున ఇచ్చటి రైతు వడ్రంగిని దూరము చేసికొని బ్రదుకగలవాడు కాడు.

తక్కిన ఆంధ్రదేశపు పల్లెలయందు వలెనే పల్నాటియందును వడ్రంగి ఏ పనికాపనికి వెల కట్టి పుచ్చుకొనువాడు కాడు. కళ్ళమున ధాన్యము తూర్పాఱబట్టి రాశి పోసిననాడు తన మేర తాను కొలిపించుకొని పోవుచుండెను. అందులకు ప్రతిగా నాగళ్ళు చెక్కుట, మేడి బిగించుట, బండ్లు బాగుచేయుట ఏడాది పొడవునను అతని విధి. ఈ మేర విధానమును పొగడువారు కలరు, తెగడువారును కలరు. కఱవు వచ్చిన యేట రాశియే లేనప్పుడు మేర యెక్కడిదని తెగడువారు అడుగు ప్రశ్నకు పొగడువారియొద్ద సమాధానము లేదు. అయినను ఆ కట్టుబాటులో నొక విశేషము కలదు. విశ్వబ్రాహ్మణుల పంచవృత్తులలో కమ్మరిది మను సంప్రదాయమనియు, వడ్రంగిది మయ సంప్రదాయమనియు చెప్పుదురు. ఈ రెండు పనులు ఒక యింటి అన్నదమ్ములే పంచుకొని, ఒక్క పందిరి క్రిందనే చేసికొనుట పల్లెలలో పరిపాటి. వడ్రంగి బాడిశ మొద్దువాఱిన, కొలిమిలో కాచి, సాగగొట్టి, నీట ముంచి యిచ్చువాడు ప్రక్కనున్న కమ్మరి. ఆ కమ్మరి సుత్తికి పిడి వేయువాడు ఈ వడ్రంగి. పనిముట్టు పుట్టుటయు, పదును పోవుటయు, తిరిగి పదునెక్కుటయు ఊరి పొలిమేర దాటకయే జరిగిపోవుచుండెను. నాకు తోచినంతవఱకు, ఈ వృత్తికి గడచిన నూఱేండ్లలో కలిగిన మార్పులన్నిటిలోను పెద్దది కోత వేగము పెరుగుట కాదు; ఈ పదును పొలిమేర దాటిపోవుట.

ఆ పాత పనిముట్లలో ప్రథమస్థానము బాడిశది. దూలమును చదును చేయుటకు, నాగలికొయ్యకు వంపు తీయుటకు, చీలలు చెక్కుటకు అదియే సాధనము. తిరుగవేసి పట్టినచో దాని వెనుకభాగమే సుత్తి. వడ్రంగి నేలపై కూర్చుండి, కఱ్ఱను పాదములతో అదిమిపట్టి, తన కాలి బొటనవ్రేలికి రెండంగుళముల దవ్వున బాడిశ దించుచుండగా చూచువారికి ఒడలు జలదరించును. ఉలి, చిత్రిక, బరమా, మూలమట్టము దాని వెనుక వచ్చునవి. వీనితోనే బండిచక్రము వంటి క్లిష్టమైన వస్తువు సిద్ధమగుచుండెను. పగుళ్ళకు లొంగని నల్లతుమ్మతో నడిమి కుండ, అందులో దిగవేసిన ఆకులు, ఆకుల కొనలను కలుపు పూటీలు. వీనినెల్ల కూర్చిన పిమ్మట ఇనుపపట్టా నెక్కించు దినము వచ్చును. పిడకల మంటలో పట్టాను ఎఱ్ఱవాఱువఱకు కాచి, నలుగురు పట్టకారులతో ఎత్తి పూటీల చుట్టును దించి, కఱ్ఱ మండునంతలో నీళ్ళు క్రుమ్మరింతురు. చల్లబడిన యినుము ముడుచుకొని, పూటీలను ఒండొంటిలోనికి, ఆకులను కుండలోనికి బిగించివైచును. పట్టా కొలత నూలుపోగంత ఎక్కువైన చక్రము వదులగును, తక్కువైన ఆకులు వంగిపోవును. ఆ కొలతకు గజముబద్దకంటె కన్నునే ఎక్కువ నమ్మినవారు వారు.

రంపము సంగతి వేఱు. ఐరోపా వడ్రంగి బల్లయొద్ద నిలువబడి రంపమును ముందుకు త్రోయుచు కోయును; మనదేశపు పాతకాలపు వడ్రంగి కూర్చుండి తన వైపునకు లాగుచు కోసినవాడు. లాగునప్పుడు రేకు బిగువుగా నుండి వంగదు; కావున పలుచని రేకుతోనే పని గడచును, కోతలో కఱ్ఱయు తక్కువ పొట్టగును. పెద్దమ్రానులను పలకలుగా చీల్చువారు మాత్రము వేఱుగా నుండిరి. దుంగను ఎత్తైన కొయ్యలపై నుంచి, మసి పూసిన దారముతో గీత కొట్టి, ఒకడు పైనను ఒకడు క్రిందను నిలిచి నిలువురంపము నాడింతురు. పైవానికి గీత చూచుకొను బాధ్యత, క్రిందివానికి కన్నులలో పొట్టు. వీరి కూలి దుంగ గట్టితనమును బట్టి పెరుగుచుండుట న్యాయమే. వేపను కోసినంత సుళువుగా చండ్రను గాని నారేపను గాని ఎవ్వరును కోయజాలరు.

రంపమునకు పదును పెట్టుట ఒక విద్య. రేకును రెండు చెక్కల నడుమ బిగించి, మోకాళ్ళతో పట్టి, మొదట పళ్ళ కొనలన్నియు ఒక్క మట్టమునకు వచ్చునట్లు బల్లపరుపు ఆకురాయితో ఒకమాఱు రుద్దవలెను. పిదప మూడుపలకల ఆకురాయి తీసికొని ప్రతి పంటి సందునను సమానముగా రాయవలెను. ఒక పంటికి నాలుగు రాతలు పడిన అన్నిటికిని నాలుగే. అటుపై ఒక పంటిని కుడికిని, దాని ప్రక్కదానిని ఎడమకును రవంత వంచుకొనుచు పోవలెను. ఈ వంపు వలన కోత రేకుకంటె వెడల్పుగా పడి, రంపము కఱ్ఱలో ఇఱుకుకొనక ఆడును. ఒక వైపు వంపు మించిన రంపము గీత విడిచి ఆ వైపునకే ఈడ్చుకొనిపోవును. పనివాడు అంతట ఆగి, ఆ వైపు పళ్ళను రాతితో ఒక్కమాఱు తాకించి సరిదిద్దుకొనును.

కఱ్ఱ వెనుక అడవి, అడవి వెనుక సర్కారు. 1856లో మద్రాసు రాజధానికి అడవుల సంరక్షకుడుగా హ్యూ క్లెగ్‌హార్న్ నియమితుడగుటతో మొదలైన కట్టడులు, 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో పల్లెవాని వాకిటికి వచ్చినవి. ఓడలకు, రైలుపట్టాల క్రింది దిమ్మెలకు కలప కావలసిన ప్రభుత్వము అడవులను రిజర్వు చేసెను. పశువులు మేసినందులకు పుల్లరి విధించెను. నాగలికొయ్య కొఱకు ముత్తాతల నాటినుండి కొండ కేగుచుండినవాడు ఆ చట్టముతో అనుమతిచీటీ అడుగవలసినవాడయ్యెను. 1921లో పల్నాటియందు చెలరేగిన అటవీ సత్యాగ్రహమును చరిత్రకారులు పుల్లరి పోరాటముగా వర్ణించుట సమంజసమే; మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకులకు బలియైనది ఆ పోరాటముననే. అయితే పుల్లరి పసుల కాపరులకు మాత్రమే తగిలిన బాధ కాదు. అడవి మూసికొనిపోయిన నాటినుండి వెల్దుర్తి వైపు వడ్రంగులు ఏగిస, బిల్లుడు వంటి అడవికఱ్ఱను విడిచి, రైతుల గట్లమీది తుమ్మకును పెరటి వేపకును మరలుట క్రమముగా సాగినది. ఆ చెట్టును కొట్టి చెఱువులో కొన్ని నెలలు నానవేసి, నీడన ఆఱబెట్టి వాడుకొనుట పురుగునుండి కాచుకొను ఉపాయము.

ఇంతలో సముద్రముల కావల మఱియొక చరిత్ర నడచుచుండెను. 1777లో సౌథాంప్టన్ వాసి శామ్యూల్ మిల్లర్ పొందిన పేటెంటులో గుండ్రని రంపపు ప్రస్తావన కనబడును. 1793లో శామ్యూల్ బెంథామ్ కఱ్ఱపని యంత్రములనేకములకు పేటెంటు తీసికొనెను. ఆయన ప్రోత్సాహముతో మార్క్ బ్రూనెల్ పోర్ట్స్‌మత్ ఓడరేవున నెలకొల్పిన కప్పీల యంత్రశాలలో పదిమంది పనివాండ్రు 110 మంది చేయు పనిని నెఱవేర్చిరి. ఓడల తెరచాపల త్రాళ్ళకు వలసిన ఆ కప్పీలు 1808 నాటికి ఏటికి 1,30,000 తయారగుచుండెను. 1906లో జర్మనీ దేశపు విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ జరుగు బల్లతో చక్రరంపమును నిర్మించినాడు. ఇవియేవియు ఆనాటి పల్నాటి వడ్రంగి చెవిని పడినవి కావు. అతని వాకిటికి యంత్రము రావలెనన్న ముందుగా రైలు, తరువాత కరెంటు రావలసియుండెను.

గుంటూరు నుండి మాచర్లకు మీటరుగేజి రైలుమార్గము 1930 ప్రాంతమున పడినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినాడు. 1967లో ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచినది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్తు మండలి తీగలు పిమ్మటి దశాబ్దములలో పల్లెలను చేరినవి. వానివెంట కోతమిల్లులు, వాని వెనుక వడ్రంగి సొంత యంత్రము.

ఈ యంత్రమును రందా మిషననియు, కోత మిషననియు పిలుతురు. ఇనుపబల్ల క్రింద అడ్డముగా నొక ఇరుసు. ఇరుసున బిగించిన కత్తులు చిత్రిక పని చేయును. బల్ల దాటి వెలికి వచ్చిన ఆ ఇరుసు కొననే గుండ్రని రంపపుబిళ్ళ తిరుగును. ఒక మోటారు, ఒక బెల్టు, రెండు పనులు. కత్తులను ఎక్కించుటకు వారు వాడు ఉపాయము ముచ్చటైనది: బల్లపై సాఫుగానున్న చిన్న బద్ద నుంచి, ఇరుసును చేతితో మెల్లగా త్రిప్పుదురు, కత్తి బద్దను తాకి రవంత ముందుకు జరిపిన ఎత్తు సరియైనదే, జరుపకున్న క్రిందుగా నున్నది, ఎక్కువగా లాగుకొనిపోయిన మీదుగా నున్నది. ఇరుసు రెండు చివరలను ఒకే యంత జరుగువఱకు మరలు త్రిప్పుచుందురు.

రంపపుబిళ్ళతో ఇట్టి చెలిమి కుదురదు. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు పదంగుళముల బిళ్ళ అంచు సెకనుకు సుమారు 40 మీటర్ల వేగముతో పోవును. ముందువైపు పళ్ళు కఱ్ఱను బల్లకదుమును. వెనుకవైపు పళ్ళు పైకి లేచుచుండును. కోసిన కఱ్ఱ ముడుచుకొని బిళ్ళను పట్టిన మఱుక్షణమే ఆ వెనుకపళ్ళు దానిని ఎత్తి, కోయువాని పొట్టమీదికి విసరివేయును. పచ్చివేపలో నిది మఱింత సహజము. ఇందులకు విరుగుడు బిళ్ళ వెనుక నిలిచి కోతను విడదీసి యుంచు సన్నని ఉక్కురేకు. మన చిన్న యంత్రములలో అది చాలవఱకు కానరాదు, ఉన్నను అడ్డమని ఊడదీయుదురు. దానికి మాఱుగా, కోత జానెడు సాగగనే అందు సన్నని చీల దిగవేయుట అనుభవజ్ఞుల అలవాటు. కొసకు వచ్చినప్పుడు వ్రేళ్ళకు బదులు త్రోపుడుకఱ్ఱ వాడుట, బిళ్ళకు ఎదురుగా గాక ప్రక్కగా నిలుచుట, వదులు చొక్కాచేతులు మడుచుకొనుట వారు కుఱ్ఱవాండ్రకు తిట్లతో కలిపి నేర్పుదురు. 1999లో అమెరికాలో స్టీఫెన్ గాస్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, మాంసము తాకిన 5 మిల్లీసెకనులలో బిళ్ళను ఆపివేయు సాధనమును కనిపెట్టినాడు. మన పల్లెయంత్రపు ధరకంటె అట్టి యంత్రపు ధర అనేకరెట్లధికము. చేతిరంపమునకు పదును పెట్టు ఓర్పు గలవాడు యంత్రపు ఉక్కురేకును ఊడదీయుటకు జంకకుండుట నాకెన్నడును బోధపడని విషయము.

యంత్రపు బాగోగులు చూచుకొనుటయు కొంతవఱకు పాత విద్యయే. మోటారు చుట్టును పొట్టు పేరుకొన్న వేడి బయటికి పోక తీగచుట్టలు కాలును. బెల్టు మెత్తబడిన, పని నడుమ బిళ్ళ జాఱి ఆగును. వేపజిగురు పళ్ళపై నల్లగా పేరుకొన్న కఱ్ఱ మాడువాసన వచ్చును. కిరసనాయిలు గుడ్డతో తుడిచిన అది తీఱును.

చట్టము ఈ సరికి అడవినుండి యంత్రమువఱకు విస్తరించినది. 1969 నాటి నిబంధనలతో ఆంధ్రప్రదేశమున కోతమిల్లుకు లైసెన్సు తప్పనిసరియైనది. 1983లో నాగార్జునసాగర శ్రీశైల అభయారణ్యము పులుల సంరక్షణ పథకములో చేరినది. 1996 డిసెంబరులో గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, అడవులలో కేంద్రప్రభుత్వ అనుమతి లేని కోతమిల్లులు ఆగవలెనని ఆదేశించినది. మఱియొక వైపున ట్రాక్టరు వచ్చి నాగలిని, బండిని అటక ఎక్కించినది. చక్రము చేయగల చేతులకు ద్వారబంధములు, మంచములు, ప్లైవుడ్డు బీరువాలే మిగిలినవి. కొందఱు పట్నములకు పోయి గోడ అలమరల పని పట్టిరి. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకము 18 వృత్తులలో వడ్రంగమును చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతము వడ్డీకి మొదట లక్ష, పిదప రెండు లక్షలు అప్పు ఏర్పాటు చేసినది. కావలసిన సహాయమే, మేర పోయిన యెంతకాలమునకు వచ్చినదో చూచుకొనవలసినదే కాని.

పదును మాట మిగిలియున్నది. ప్లైవుడ్డు కోయువారు నేడు టంగ్‌స్టన్ కార్బైడు ముక్కలతికిన బిళ్ళలు వాడుదురు. అవి బహుకాలము మన్నును. కాని ఆకురాయికి లొంగవు, వజ్రపుపొడి చక్రము గలచోటికి పంపవలెను, లేదా పాఱవేసి క్రొత్తది కొనవలెను. వెల్దుర్తి వంటి చోట్ల సాదా ఉక్కుబిళ్ళ ఇంకను పూర్తిగా పోకుండుటకు కారణము పెరటివేప. తరతరములుగా పసులను కట్టుటకు, ఉట్లు వ్రేలాడదీయుటకు దిగగొట్టిన మేకులు ఆ మ్రానిలో కలిసి, బెరడు మూసికొని, పైకి కానరాకుండ నుండును. కఱ్ఱలో నీలినలుపు చార కనబడినచోట మేకున్నదని పనివాడు అనుమానించి బాడిశతో త్రవ్వి చూచును. అప్పటికిని తప్పిపోయిన మేకు తగిలెనా, కార్బైడు ముక్క ఎగిరిపోయి బిళ్ళ పనికిరాకపోవును. ఉక్కుబిళ్ళకు మాత్రము నాలుగు పళ్ళు మొద్దుబాఱును. దానిని విప్పి, చెక్కల నడుమ బిగించి, మూడుపలకల ఆకురాయితో అఱగంటలో సరిచేసికొని, మిగిలిన దుంగను కోసి, రైతువద్ద కూలి పుచ్చుకొందురు. మేకు తగిలినందులకు అదనముగా కొంత అడుగుటయు, అది యిచ్చుటకు రైతు గొణుగుటయు ఎప్పుడును ఉన్నవే.