మబ్బు గీత

కట్టుబడి జరుగుతున్న ఏ పెద్ద బిల్డింగు దగ్గరికైనా వెళ్లి, సైటు ఇంజనీరు టేబుల్ మీద పరిచిన డ్రాయింగును ఓసారి వంగి చూడండి. గోడల గీతల మధ్య ఎక్కడో ఒకచోట, చిన్నపిల్లలు గీసే మబ్బులాంటి వంపుల గీత కనబడుతుంది. పక్కనే ఓ త్రిభుజం, అందులో ఓ అంకె. ‘ఇక్కడ మారింది, పాతది పట్టుకుని పని చేయొద్దు’ అని దానర్థం. దాన్ని రివిజన్ క్లౌడ్ అంటారు. ఎక్కడో ఉన్న సర్వర్లకు క్లౌడ్ అనే పేరు రాకముందు నుంచీ ఆర్కిటెక్టులు ట్రేసింగ్ పేపరు మీద ఈ మబ్బును గీస్తూనే ఉన్నారు.

ప్లాను గీయడం ఓ మోస్తరు కష్టం. అసలు చిక్కు దాన్ని మార్చినప్పుడు వస్తుంది. ఒకరి చేతిలో మారిన ప్లాను, ఇంకొకరి చేతిలో మారని ప్లాను. ఈ వృత్తిలో వాడే పనిముట్ల కథంతా నూట ఎనభై ఏళ్లుగా ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతోంది.

పూర్వం ప్లానుకు నకలు కావాలంటే మళ్లీ గీయడమే దారి. డ్రాఫ్ట్స్‌మన్లు వరసగా కూర్చుని అసలు మీద పల్చటి కాగితమో గుడ్డో పరిచి గీత మీద గీత దిద్దేవారు. పది నకళ్లంటే పదిసార్లు గీయాలి. అంటే తప్పు దొర్లడానికి పది అవకాశాలు.

దీనికి విరుగుడు ఓ ఖగోళ శాస్త్రవేత్త చేతి నుంచి వచ్చింది. ఇంగ్లండుకు చెందిన జాన్ హెర్షెల్ 1842లో, ఇనుప లవణాలు పూసిన కాగితానికి ఎండ తగిలితే ఏమవుతుందో పరీక్షిస్తున్నాడు. ఎండ తగిలిన చోట ఆ పూత నీళ్లకు కరగని ముదురు నీలంగా మారింది. నీడ ఉన్న చోట పూత కడిగితే పోయి తెల్లగా మిగిలింది. ఫొటో రసాయనాల్లాగా ఖరీదైన వెండి అక్కర్లేదు, ఎండా నీళ్లూ చాలు. ఆ మరుసటి ఏడాదే ఆనా అట్కిన్స్ అనే ఆమె సముద్రపు నాచులను ఆ కాగితం మీద పరిచి, వాటి నీడల బొమ్మలతో పుస్తకం మొదలుపెట్టింది. బిల్డింగుల వాళ్లకు దీని ఉపయోగం తట్టడానికి మాత్రం దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. 1870లలో పూత పూసిన కాగితం బజారులో తయారుగా దొరకడం మొదలైంది. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శన తర్వాత అమెరికాలో పాకిపోయింది. నల్ల ఇంకుతో గీసిన ట్రేసింగును దాని మీద పరిచి ఎండలో పెడితే, గీత కింద పూత దాక్కుని కడిగినప్పుడు పోతుంది. నీలం మీద తెల్ల గీతలు. అదే బ్లూప్రింటు. ఆ కాగితం కనబడకుండా పోయి దశాబ్దాలైనా మన పేపర్లు ‘అభివృద్ధికి ప్రభుత్వ బ్లూప్రింట్’ అని ఇప్పటికీ రాస్తూనే ఉన్నాయి.

నేను బెజవాడలో ఓ చిన్న ఆఫీసులో పనికి చేరేనాటికి బ్లూప్రింటు లేదు, దాని చెల్లెలు అమ్మోనియా ప్రింటు ఉండేది. ఇందులో అంతా తిరగబడి, తెల్ల కాగితం మీద గీతలు నీలంగా వస్తాయి. గవర్నరుపేటలో ప్రింటు కొట్టు గుమ్మం ఎక్కుతుండగానే కళ్లు మండి నీళ్లు కారేవి. అమ్మోనియా పొగ తగలందే గీత తేలదు మరి. కుర్రాడు ట్రేసింగునీ పచ్చటి కాగితాన్నీ జతచేసి మెషిన్లో తోసేవాడు. ప్రింటు వచ్చాక దాన్ని రెండు చేతులా పట్టుకుని విదిలించి, మడత పెట్టి మన చేతికిచ్చేవాడు. నెల రోజులు సైటులో ఎండకు పడుంటే గీతలు వెలిసిపోయేవి.

అసలు ట్రేసింగు మాత్రం ఆఫీసు దాటి బయటకు పోకూడదు. దానిమీద మార్పు చేయడం ఓ విద్య. రోట్రింగ్ పెన్నుతో పడిన ఇంకు రబ్బరుకు లొంగదు. రేజరు బ్లేడును నిలువునా సగానికి విరిచి, ఆ మొనతో గీతను పొరలు పొరలుగా గోకాలి. కాగితం చిరగకూడదు. గోకిన చోట గరుకుదేలుతుంది కాబట్టి బొటనవేలి గోటితో రుద్ది నున్నగా చేసి, అప్పుడు కొత్త గీత గీయాలి. మూడుసార్లకు మించి ఒకేచోట గోకితే కాగితం ఒప్పుకోదు. ఇల్లు కట్టించుకునేవాళ్లకు ఆ సంగతి పట్టదు. వాస్తు చెప్పేవాళ్లకు అసలే పట్టదు.

ఓ ఇంటి విషయంలో అలాగే జరిగింది. అంతా ఖాయమయ్యాక ఎవరో పెద్దాయన వచ్చి, మెట్లు ఈశాన్యానికి దగ్గరగా ఉన్నాయి, నైరుతి వైపుకి జరపమన్నారు. బ్లేడు తీసి గోకి జరిపాను. కొత్త ప్రింటు తీయించి సైటుకు పంపాను. పంపానంటే, వెళ్తున్న ఎవరి చేతికో ఇచ్చాను. అది చేరవలసిన చేతికి చేరలేదు. మూడో రోజు వెళ్లేసరికి పాత ప్రకారమే ముగ్గు పోసి, గుంటలు తవ్వేసి ఉన్నాయి.

“మాకిచ్చిన కాయితంలో ఇట్టాగే ఉంది బాబూ,” అని మేస్త్రి తన జేబులోంచి నాలుగు మడతల ప్రింటు తీసి చూపించాడు. నిజమే, ఉంది.

ఆఫీసుకొచ్చి చెబితే మా పెద్దాయన అడిగిన మొదటి మాట: “అసలు ట్రేసింగ్ ఎక్కడుంది?” ఇనప బీరువా తెరిచి చూపించాను. ఆయన మొహం కాస్త తేటపడింది. గుంటలు పూడ్చుకోవచ్చు. ఏది అసలో తెలియకపోతేనే కొంప మునిగేది.

కంప్యూటర్ ఈ వృత్తిలోకి వచ్చిన తీరు విచిత్రం. 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం చేశాడు. తెర మీద లైట్ పెన్నుతో గీత గీస్తే, రెండు గీతలు సమాంతరంగా ఉండాలని చెబితే అది తనంతట సర్దుకునేది. పన్నెండేళ్ల తర్వాత 1975లో చార్లెస్ ఈస్ట్‌మన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. బిల్డింగును గీతలుగా కాకుండా వస్తువులుగా కంప్యూటర్లో పెడదాం, ప్లాను, ఎలివేషన్, సెక్షన్ అన్నీ దాన్నుంచే పుట్టించుకుందాం, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది అన్నాడు. ఇవాళ బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్) అని చెప్పుకుంటున్నదంతా ఇంచుమించు ఇదే.

అయితే 1982లో ఆటోడెస్క్ కంపెనీ ఆటోకాడ్‌తో వచ్చినప్పుడు లోకం ఆ దారి పట్టలేదు. మామూలు పర్సనల్ కంప్యూటరులో నడవడం దాని బలం. కానీ దానికి గోడంటే రెండు గీతలే. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ట్రేసింగులే. నా మట్టుకు నాకు అది పనిని మార్చిందనిపించదు, పెన్నును మార్చింది. బ్లేడు పోయింది, వేళ్లకు అంటే ఇంకు పోయింది. దాంతోపాటు ఇనప బీరువా కూడా పోయింది. నకలుకూ అసలుకూ తేడా లేకుండా పోయింది. ఫ్లాపీల్లో, సీడీల్లో, తర్వాత పెన్ డ్రైవుల్లో ఒకే ఇంటికి ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లేటెస్ట్ ఫైనల్’, ‘క్లయింట్ ఓకే ఫైనల్’. నా కంప్యూటరులో ఉన్నది అసలా, స్ట్రక్చరల్ ఇంజనీరుకు మెయిల్ చేసింది అసలా? ఆ రోజుల్లో మబ్బు గీతలు గీయడం కూడా చాలామంది మానేశారు.

ఈస్ట్‌మన్ చెప్పిన దారిని పట్టుకున్నవాళ్లు వేరేచోట ఉన్నారు. కమ్యూనిస్టుల హయాంలోని బుడాపెస్టులో 1982లోనే గ్రాఫిసాఫ్ట్ మొదలైంది. హంగరీలో అణువిద్యుత్ కేంద్రపు పైపుల అల్లికను త్రీడీలో చూపించే పనితో పుట్టి, చివరికి ఆర్కికాడ్ అయింది. అమెరికాలో మసాచుసెట్స్‌లో 1997లో పుట్టిన ఓ కంపెనీ 2000లో రివిట్ తెచ్చింది. ‘వెంటనే రివైజ్ చెయ్’ అనే ఇంగ్లీషు మాటలను కుదించి పెట్టిన పేరది. అందులో గోడను జరిపితే తలుపు దాని వెంటే జరుగుతుంది. సెక్షన్లో, తలుపుల జాబితాలో, అన్ని షీట్లలో మారుతుంది. 2002లో ఆటోడెస్క్ దాన్ని 13.3 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆ మెట్లు జరిపే పెద్దాయనను తల్చుకున్నప్పుడల్లా, దీన్ని కనిపెట్టాల్సింది తెలుగువాళ్లు కదా అనిపిస్తుంది.

మొదట్లో రివిట్లో చేసిన బిల్డింగు మోడల్ ఆఫీసులోని ఓ సర్వరులో కూర్చునేది. ‘సెంట్రల్’ ఫైలు ఒకటి, ఎవరి కంప్యూటరులో వాళ్లకు దాని నకలు ఒకటి. పని చేసి ‘సింక్’ కొడితే మన మార్పు సెంట్రల్లో కలుస్తుంది. వేరే ఊరి ఆఫీసుతో కలిసి పనిచేయాలంటే అవస్థే. 2014 ప్రాంతాల నుంచి ఆ సెంట్రల్ క్లౌడుకు ఎక్కింది. హైదరాబాదులో అమెరికా, బ్రిటన్ బిల్డింగులకు మోడళ్లు చేసిపెట్టే ఆఫీసులు బోలెడున్నాయి. అక్కడ కూర్చున్న అమ్మాయి ఓ గోడను పట్టుకోగానే, ఆ గోడ చికాగోలో ఇంకొకరి చేతిలో ఉంది, వాళ్లు వదిలేదాకా ఆగు అని తెర చెబుతుంది. అటు వాళ్లు ‘సింక్’ కొట్టి ఇంటికి పోతే గోడ ఈమెకొస్తుంది. ఏసీ డక్టు వెళ్లి బీముకు గుచ్చుకుంటుంటే కాంక్రీటు పోయకముందే ఎర్రగా చూపిస్తుంది. 2020 లాక్‌డౌనులో ఆఫీసులకు తాళాలు పడినా ఇలాంటి చోట్ల పని ఆగిపోలేదు.

ప్లాను పాస్ చేయించడం కూడా ఆ రోజుల్లోనే మారింది. జీహెచ్ఎంసీలో 2016లో ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి వచ్చింది. 2020లో తెలంగాణ టీఎస్-బీపాస్ చట్టం తెచ్చి, 75 నుంచి 600 చదరపు గజాల దాకా స్థలాల్లో పది మీటర్ల ఎత్తులోపు ఇళ్లకు యజమాని సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇస్తామంది. సాఫ్ట్‌వేరు పరిశీలించే డ్రాయింగుల్లో ఏ గీత ఏ లేయరులో ఉండాలో ముందే నిర్ణయించి ఉంటుంది. గీత అందంగా ఉందా లేదా అని చూసేది లేదు, పేరు సరిగ్గా ఉందా అన్నదే లెక్క. టౌన్ ప్లానింగ్ ఆఫీసు గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ నాకు ఇది మేలుగానే తోస్తుంది.

‘అసలు ట్రేసింగ్ ఎక్కడుంది?’ అన్న ప్రశ్నకు మళ్లీ జవాబు దొరికింది. ఒకే చోట ఉంది. కాకపోతే బీరువా మనది కాదు, తాళాలు అద్దెవి. 2016 నుంచి ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేరును శాశ్వతంగా అమ్మడం దాదాపు మానేసి చందా పద్ధతికి వెళ్లింది. 2020 జూలైలో జాహా హదీద్ ఆర్కిటెక్ట్స్ వంటి పెద్ద సంస్థలు కొన్ని కలిసి, ఖర్చు పెరుగుతోంది, రివిట్ మాత్రం ఎదగడం లేదని ఆ కంపెనీకి బహిరంగ లేఖ రాశాయి. అంత పెద్దవాళ్లకే భారమైతే ఇద్దరు ముగ్గురితో నడిచే ఆఫీసుల సంగతి వేరే చెప్పాలా! కొత్త వెర్షన్లో దాచిన రివిట్ ఫైలు పాత వెర్షన్లో తెరుచుకోదు. నా పాత ట్రేసింగులు ముప్పై ఏళ్ల తర్వాత కూడా, అంచులు పెళుసుబారినా, కిటికీ దగ్గర పెడితే చదువుకోవచ్చు.

మొన్న గుంటూరు దగ్గర ఓ సైటుకు వెళ్లాను. ఇంజనీరు కుర్రాడి చేతిలో ట్యాబ్, అందులో పొద్దున్నే మారిన డ్రాయింగు. కొత్త గోడ చుట్టూ చక్కగా మబ్బు గీత. పది అడుగుల దూరంలో మేస్త్రి ముగ్గు పోయిస్తున్నాడు. ట్యాబ్ వంక చూడలేదు. జేబులోంచి ఫోను తీసి, వాట్సాప్ తెరిచి, వేలితో పెద్దది చేసుకుని చూసి, “ఇంకో అరడుగు ఇటు లాగరా” అన్నాడు. ఓసారి ఇవ్వమని అడిగి చూశాను. పోయిన మంగళవారం ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ అది. మబ్బు లేదు అందులో.