ఇంటి రిమోట్ పుట్టుపూర్వోత్తరాలు

1956లో అమెరికాలోని షికాగోకు చెందిన జెనిత్ రేడియో కార్పొరేషన్ మార్కెట్లోకి తెచ్చిన ‘స్పేస్ కమాండ్’ అనే టీవీ రిమోట్‌లో బ్యాటరీ లేదు, టీవీకి కలిపే తీగ లేదు, ఆ మాటకొస్తే విద్యుత్తుతో పనిచేసే భాగం ఒక్కటీ లేదు. చేతిలో ఇమిడే ఆ పెట్టెలో ఉన్నవల్లా సుమారు రెండున్నర అంగుళాల పొడవున్న నాలుగు అల్యూమినియం కడ్డీలు, ఒక్కో కడ్డీ కొసను కొట్టడానికి స్ప్రింగుతో బిగించిన ఒక్కో చిన్న సుత్తి. బటన్ నొక్కితే సుత్తి కడ్డీని కొట్టేది, కడ్డీ గుడిగంటలా మోగేది, ఆ మోత మనిషి చెవికి అందనంత హెచ్చు స్థాయిలో ఉండేది, టీవీలో అమర్చిన మైక్రోఫోను దాన్ని విని చానెల్ మార్చేది.

బ్యాటరీ వద్దనుకోవడానికి వెనక ఉన్న కారణం ఇంకా ముచ్చటైనది. రిమోట్‌లో బ్యాటరీ పెడితే అది ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుందని, అయిపోయినప్పుడు కొనుక్కున్నవాళ్లు టీవీయే చెడిపోయిందని అనుకుంటారని ఆ సంస్థ అమ్మకాల విభాగంవారు అభ్యంతరం చెప్పారు. పని చేయని రిమోట్‌ను అరచేతికేసి రెండు దెబ్బలు కొట్టి, వెనక మూత తీసి, లోపలి సెల్లులను వేలితో అటూ ఇటూ దొర్లించి, అప్పటికీ లాభం లేకపోతే గోడ గడియారంలోంచి సెల్లు తీసి పెట్టే అలవాటు ఇవాళ ప్రతి తెలుగింటా ఉంది కాబట్టి, ఆ అభ్యంతరం ఎంత ముందుచూపుతో కూడినదో తెలుగు గృహిణులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక వస్తువును తయారు చేసేవాళ్లు, దాన్ని వాడే ఇంట్లో రేపు ఏం జరుగుతుందో ముందే ఊహించి, ఆ ఇబ్బంది రాకుండా చూసిన అరుదైన సందర్భం ఇది.

దూరం నుంచి వస్తువులను నడిపించాలన్న కోరిక టీవీ కంటే పాతది. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో, నీటి తొట్టెలో తేలే చిన్న పడవను రేడియో తరంగాలతో తిప్పి చూపి, ఆ ఏడాదే దానికి పేటెంటు పొందాడు. 1903లో స్పెయిన్ ఇంజినీరు లియోనార్డో టోర్రెస్ కెవెడో దూరం నుంచి నడిపించే ‘టెలికినో’ అనే యంత్రాన్ని పారిస్‌లో శాస్త్రజ్ఞుల ముందు పెట్టాడు. ఇంటి హాలు దాకా వచ్చిన తొలి నమూనాల్లో చెప్పుకోదగినది అమెరికాలోని ఫిల్కో సంస్థ 1939 మోడల్ రేడియోలతో ఇచ్చిన ‘మిస్టరీ కంట్రోల్’. అది పాత టెలిఫోనుకు ఉండే గుండ్రటి డయల్ బిగించిన చెక్కపెట్టె. డయల్ తిప్పితే తీగ లేకుండానే రేడియో స్టేషను మారేది. ఆ తర్వాత యుద్ధకాలం వచ్చి, ఈ విద్య చాలావరకు సైన్యాల అవసరాలకు మళ్లింది.

టీవీ రిమోట్ అసలు కథ జెనిత్ అధినేత యూజీన్ మెక్‌డొనాల్డ్ పట్టుదలతో మొదలవుతుంది. ఆయనకు వాణిజ్య ప్రకటనలంటే గిట్టదు. ప్రకటనల మీద ఆధారపడిన టీవీ నిలవదని, ప్రేక్షకులు డబ్బు కట్టి ప్రకటనలు లేని కార్యక్రమాలు చూసే రోజు వస్తుందని నమ్మి, 1951లో షికాగోలో 300 కుటుంబాలతో ‘ఫోన్‌విజన్’ పేరిట అలాంటి ఏర్పాటును ప్రయోగాత్మకంగా నడిపి కూడా చూశాడు. ఆ రోజు వచ్చేలోగా ప్రకటన రాగానే కుర్చీలోంచి లేవకుండా దాని నోరు మూయించే సాధనం కావాలని తన ఇంజినీర్లను పురమాయించాడు. చానెళ్లు మార్చుకునే సౌకర్యంతో పాటు ప్రకటనల రొదను ఆపే సౌకర్యం కూడా రిమోట్ పుట్టుకకు మూలమన్న సంగతి, సీరియల్ మధ్యలో ప్రకటన రాగానే ధ్వని పెరిగినట్లు తోచి విసుక్కునే ఏ ఇల్లాలైనా మెచ్చుకోదగినది.

1950లో వచ్చిన మొదటి ప్రయత్నం పేరు ‘లేజీ బోన్స్’. టీవీలోని చానెల్ మరను తిప్పడానికి ఒక మోటారు, ఆ మోటారును నడపడానికి చేతిలో ఒక పెట్టె, రెంటినీ కలుపుతూ హాలు పొడవునా ఒక తీగ ఉండేవి. పని బాగానే జరిగింది గాని, నడిచేవాళ్ల కాళ్లకు ఆ తీగ తగులుకునేది. 1935లో జెనిత్ సామగ్రి గిడ్డంగిలో కుర్రవాడిగా చేరి, ఇంజినీరుగా ఎదిగిన యూజీన్ పోలీ 1955లో దీనికి పరిష్కారంగా ‘ఫ్లాష్‌మాటిక్’ను రూపొందించాడు. అది పిస్తోలు ఆకారంలో ఉన్న టార్చిలైటు. టీవీ తెర నాలుగు మూలలా ఫోటోసెల్లులు, అంటే వెలుగు పడితే స్పందించే చిన్న పరికరాలు ఉండేవి. ఏ మూలకు గురిపెట్టి వెలుగు వేస్తే ఆ మూలకు అప్పగించిన పని జరిగేది. తీగ లేని తొలి టీవీ రిమోట్ ఇదే. అయితే ఆ సెల్లులకు టార్చి వెలుగుకూ ఎండకూ తేడా తెలియదు కాబట్టి, కిటికీలోంచి ఎండ పడినప్పుడు చానెళ్లు వాటంతటవే మారిపోయేవి. ఏ మూల ఏ పని చేస్తుందో గుర్తుపెట్టుకోవడం కూడా ఇంటిల్లిపాదికీ కష్టమయ్యేది.

ఈ దశలో పని రాబర్ట్ ఆడ్లర్ చేతికి వచ్చింది. 1913లో వియన్నాలో పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయంలో 1937లో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది, ఆస్ట్రియా నాజీల వశమయ్యాక దేశం విడిచి, 1941లో జెనిత్‌లో చేరిన శాస్త్రవేత్త ఆయన. తన ముందున్న దారులను ఆడ్లర్ బృందం ఒక్కొక్కటిగా కొట్టివేసిన తీరు చూస్తే, ప్రయోగశాలలో కూర్చున్నా వాళ్ల మనసంతా మామూలు ఇళ్ల మీదే ఉందని అర్థమవుతుంది. రేడియో తరంగాలు గోడలు దాటి వెళ్తాయి కాబట్టి, ఇక్కడ బటన్ నొక్కితే పక్క వాటాలోని టీవీలో చానెల్ మారే ప్రమాదం ఉంది. మామూలు శబ్దం వాడితే, అలాంటి శబ్దమే ఇంట్లోనో టీవీ కార్యక్రమంలోనో వినిపించి టీవీని తికమక పెట్టవచ్చు, పైగా చానెల్ మార్చిన ప్రతిసారీ ఆ మోత వినడం ఇంట్లోవాళ్లకు చిరాకు తెప్పించవచ్చు. వెలుగు సంగతి పోలీ పరికరంతోనే తేలిపోయింది.

మిగిలింది అతిధ్వని. ధ్వని అంటే గాలిలో ప్రయాణించే కంపనం. సెకనుకు 20,000 కంపనాలు దాటితే మనిషి చెవి దాన్ని పట్టుకోలేదు, ఆ హద్దుకు పైన ఉన్నవే అతిధ్వనులు. ఆడ్లర్ ఎంచుకున్న కడ్డీలు సెకనుకు దాదాపు 40,000 కంపనాల దగ్గర మోగేవి, కడ్డీల పొడవులో ఉన్న కొద్దిపాటి తేడా వల్ల ఒక్కోదాని మోత ఒక్కో తీరున ఉండేది, ఆ తేడాను బట్టి టీవీ ఏ బటన్ నొక్కారో గుర్తించేది. ఈ ధ్వని గోడలు దాటదు, ఎండకు చెడదు, బ్యాటరీ అడగదు. దీనికి చెల్లించాల్సిన మూల్యం టీవీ వైపు పడింది: ఆ మోతను విని విడమర్చుకోవడానికి టీవీలో అదనంగా ఆరు శూన్యనాళికలు, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు కాలంలో ఎలక్ట్రానిక్ పరికరాలను నడిపిన గాజుగొట్టాలు, అమర్చాల్సి రావడంతో టీవీ ధర సుమారు 30 శాతం పెరిగింది. తాళంచెవుల గుత్తి గలగలమన్నా, నాణేలు నేల మీద రాలినా వాటి మోతలో అతిధ్వనులు కూడా కలిసి ఉంటాయి కాబట్టి, అప్పుడప్పుడు ఎవరూ నొక్కకుండానే చానెల్ మారేది. మనిషి కంటే హెచ్చు స్థాయి ధ్వనులను వినగల పెంపుడు కుక్కలు బటన్ నొక్కినప్పుడల్లా చెవులు రిక్కించేవి.

ఆ రిమోట్ మీద ఉన్నవి నాలుగే బటన్లు: చానెల్ ముందుకు, చానెల్ వెనక్కి, ధ్వని ఆపడం, టీవీ వేయడం లేదా కట్టేయడం. ఇంట్లో పెద్దావిడైనా, బడికి వెళ్లే పిల్లవాడైనా చీకట్లో తడుముకుని వాడగలిగిన వస్తువది. ఈ కృషికి 1997లో పోలీకి, ఆడ్లర్‌కు కలిపి ఎమ్మీ పురస్కారం ఇచ్చారు. 2007లో 93 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆడ్లర్ టీవీ చూడడం చాలా తక్కువని, పుస్తకాలు చదవడమే ఆయనకు ఇష్టమని ఆయన భార్య చెప్పారు. కోట్ల కుటుంబాల సాయంత్రాలను మార్చిన మనిషి తన సాయంత్రాలను పుస్తకాలకు ఇచ్చుకున్నాడు.

తర్వాతి పాతికేళ్ల కథను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1960ల్లో ట్రాన్సిస్టర్లు చౌకై రిమోట్‌లోకి బ్యాటరీ రానే వచ్చింది. 1980ల తొలినాళ్లలో అతిధ్వని స్థానాన్ని పరారుణ కాంతి, అంటే ఎరుపుకు ఆవల ఉండి కంటికి కనిపించని కాంతి ఆక్రమించింది. రిమోట్ ముందు కొసన ఉండే చిన్న బల్బు ఈ కాంతిని సెకనుకు వేల సార్లు మిణుకుమనిపిస్తూ ఒక్కో బటన్‌కు ఒక్కో సంకేతం పంపుతుంది. చాలా ఫోన్ల కెమెరాలకు ఈ కాంతి కనబడుతుంది కాబట్టి, ఆ కొసను ఫోను కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే తెర మీద ఊదారంగు చుక్క మెరుస్తుంది. పాడైంది రిమోటా టీవీయా అని తేల్చుకోవడానికి ఇళ్లలో ఇది పనికొచ్చే పరీక్ష.

తెలుగు ఇళ్లకు టీవీ వచ్చిన తీరు వేరు కాబట్టి, రిమోట్ వచ్చిన తీరు కూడా వేరు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు కార్యక్రమాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు పాలుపంచుకున్నాయి. అక్కడ టీవీ ఊరందరిదీ. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక, హైదరాబాద్‌లోనే ఉన్న ఈసీఐఎల్ తయారు చేసిన ‘ఈసీ టీవీ’ వంటి బ్లాక్ అండ్ వైట్ సెట్లు నట్టింట్లో కుదురుకున్నాయి. వాటికి పక్కన చానెల్ తిప్పే పెద్ద గుబ్బ ఉండేది గాని, వచ్చేది ఒక్క దూరదర్శనే కావడంతో దాన్ని తిప్పే పని పడేది కాదు. ఇంటి శ్రమంతా మేడ మీది యాంటెన్నా దగ్గర ఉండేది: పైన ఒకరు గొట్టం తిప్పడం, మెట్ల మధ్యలో ఒకరు మాట అందించడం, హాల్లోంచి తల్లి “ఆఁ, వచ్చింది, ఇక కదపకు” అని కేక వేయడం. సినిమా పాటల చిత్రలహరికైనా, 1987 జనవరిలో మొదలైన ఆదివారపు రామాయణానికైనా, ఏం చూడాలన్న తగువుకు తావే లేదు. ఇరుగుపొరుగుకు చాపలు సర్దడమే తల్లి పని.

1991 తర్వాత కేబుల్ తీగలు వీధులు దాటి, 1995లో జెమిని, ఈటీవీ వంటి తెలుగు చానెళ్లు వచ్చాకనే రిమోట్‌కు ఇక్కడ నిజమైన పని దొరికింది. కొత్త టీవీతో వచ్చిన రిమోట్‌కు పాలిథిన్ కవరు తొడిగి రబ్బరుబ్యాండు వేయడం తెలుగిళ్ల ఆచారమైంది. దానికి తగిన కారణమూ ఉంది: ఆ రిమోట్ అందుకునే చేతుల్లో ఒకటి, పొయ్యి మీద పెనం ఉండగానే సీరియల్ మొదలైందేమో చూడడానికి హాల్లోకి వచ్చి, దోసెపిండి అంటిన వేళ్లను దూరంగా పట్టుకుని మణికట్టుతో బటన్ నొక్కే తల్లి చేయి. క్రికెట్ కావాలనే తండ్రి, బొమ్మల చానెల్ కావాలనే పిల్లలు, వార్తలు కావాలనే తాతగారు ఉన్న ఇంట్లో ఆ రిమోట్ ఆమె చేతికి చివర్న వచ్చేది, “ఒక్క అరగంట నా సీరియల్ చూడనివ్వండిరా” అన్న మాటతో వచ్చేది. చివర్న వచ్చినా ఆ అరగంట ఇల్లంతా ఆమె సీరియల్ చూసేది. వద్దన్నవాళ్లే మర్నాడు కథ ఏమైందని అడిగేవారు.

పోయింది సరిగ్గా ఇదే. ఇప్పుడు ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో తెర ఉంది కాబట్టి అడగడం, బతిమాలడం, ఒప్పుకోవడం అక్కర్లేకుండా పోయాయి. లేచి వెళ్లే శ్రమను తగ్గించడం మంచిదే గాని, అడిగి పుచ్చుకునే అలవాటు పోవడం నష్టం. ఒకరి ఇష్టాన్ని ఇంకొకరు అరగంట ఓర్చుకుని, ఓర్చుకుంటూనే అందులో పడిపోవడం కుటుంబాలకు టీవీ చేసిన పెద్ద ఉపకారం. రెండో నష్టం రిమోట్‌లోనే జరిగింది. నాలుగు బటన్లతో మొదలైన వస్తువు నలభైకి పైగా బటన్లకు పెరిగి, టీవీకి ఒకటి, సెట్ టాప్ బాక్సుకు ఒకటిగా చీలి, పొరపాటున ఏదో నొక్కితే తెర నల్లబడి, ఊళ్లో ఉన్న తల్లి పట్నంలోనో అమెరికాలోనో ఉన్న బిడ్డకు ఫోను చేసి “ఏం నొక్కానో తెలీదు, బొమ్మ పోయింది” అని చెప్పుకునే స్థితి వచ్చింది. ఈ తల్లి తెలివికి వచ్చిన లోటేమీ లేదు. ఆమె ఏం అనుకుంటుందో, ఎక్కడ కంగారు పడుతుందో ముందుగా ఆలోచించే మర్యాద తయారీదార్లలో తగ్గింది.

1956 నాటి ఇంజినీర్లు ఆరు శూన్యనాళికల భారాన్ని, 30 శాతం అదనపు ధరను తమ యంత్రం మీద వేసుకుని, వాడేవారి చేతికి నాలుగు బటన్లు మాత్రమే ఇచ్చారు. కష్టం యంత్రానిది, సుఖం మనిషిది అన్న ఆ లెక్క ఇప్పుడు తలకిందులైంది. దాన్ని మళ్లీ సరిచేయాలనుకునే సంస్థ ఏదైనా తన కొత్త రిమోట్‌ను ప్రయోగశాలలో కాక రాత్రి ఎనిమిదింటికి వంటింటి పక్క హాల్లో పరీక్షించాలి. తడిచేత్తో, కళ్లజోడు లేకుండా, పిల్లలను పిలవకుండా తల్లి తన చానెల్ పెట్టుకోగలిగితేనే ఆ రిమోట్ అమ్మకానికి తగినది.