ఆర్కిడ్ మొక్క కొన్నారా? మట్టిలో నాటితే అంతే సంగతులు!

నర్సరీలో వందలు పోసి ఆర్కిడ్ కొంటారు.. ఇంటికి రాగానే ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి కుండీలో నాటేస్తారు. కొన్ని వారాలకే వేర్లు కుళ్లిపోతాయి. ఎందుకంటే..

మనకు ఎక్కువగా దొరికే డెండ్రోబియం, ఫెలనాప్సిస్ అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే రకాలు. వాటి వేర్లకు నీటితో పాటు గాలి కూడా తగలాలి. మట్టి గట్టిపడితే ఊపిరాడదు.

మరి కుండీలో ఏం నింపాలి?

* డెండ్రోబియంకు కట్టెబొగ్గు, పెంకు ముక్కలు సమానంగా కలపాలి. నీరు వెంటనే దిగిపోతుంది. విశాఖ లాంటి తేమ ఎక్కువుండే ఊళ్లకు ఇది బెస్ట్.
* ఫెలనాప్సిస్‌కు పైన్ బెరడు లేదా కొబ్బరి డొక్క ముక్కలు వాడాలి. ఇవి తేమను కాస్త ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి. హైదరాబాద్ ఎండలకు ఇవే నయం.
* కొబ్బరి డొక్కలో ఉప్పు ఉండొచ్చు. ఒకరోజు నానబెట్టి, నీళ్లు మార్చి కడిగాకే వాడాలి.
* బార్బెక్యూ కోసం అమ్మే బొగ్గు బిళ్లలు మాత్రం వద్దు. వాటిలో వేరే పదార్థాలు కలుపుతారు.

కుండీకి అడుగున, పక్కల రంధ్రాలు ఉండాలి. వేర్లు వెండి రంగులోకి మారితేనే నీళ్లు పోయండి, పచ్చగా ఉంటే ఆగండి. బెరడు, డొక్క కుళ్లి మెత్తబడతాయి కాబట్టి ఒకటి, రెండేళ్లకోసారి మార్చేయాలి.